మా ఒడ్డున పిల్లలు పుట్టడం లేదన్న విషయమై

విద్యాశాఖ అధికారి గారి సముఖమునకు, నదికి ఇవతలి ఊరిలో బడి ఎదుట కుట్టుమిషను పెట్టుకొని బ్రతుకుచున్న దర్జీ చేసుకొను మనవి.

అయ్యా,

విషయం: మా ఊరి బడి మూసివేత ఉత్తర్వును రద్దుపరచుట గురించి.

1. మా ఊరిలో కొన్నేళ్లుగా ఒక్క జననమైనను నమోదు కానందున, వచ్చే నెల నుండి బడి మూసివేయబడునని తమ కార్యాలయం వారు గేటుకు నోటీసు అంటించియున్నారు. సదరు నోటీసును మా పిల్లలందరూ గుమిగూడి కూడబలుక్కుని చదివినారు. చదువు బాగానే అబ్బినదని తెలియజేసుకొనుచున్నాను.

2. మా ఆసుపత్రిలో కాన్పుల గది ఎత్తివేసినది మొదలు ఆడవారందరూ లాంచీ ఎక్కి అవతలి నగరంలోనే ప్రసవించుచున్నారు. ఎక్కడ పుడితే అక్కడే నమోదు. "మావాడు సిటీలో పుట్టాడండీ!" అని మావాళ్లు మీసం మెలేసి మరీ చెప్పుకున్నారు. ఆ గొప్పే కొంప ముంచుతుందని ఎవరనుకున్నారు?

3. ముసలివారిని మాత్రం "ఇంక ఇంటికి తీసుకెళ్లండి" అని ఆ నగరపు ఆసుపత్రుల వారు లాంచీ ఎక్కించి పంపుచున్నారు. కావున పుట్టుకలు వారి లెక్కలో, చావులు మా లెక్కలో పడుచున్నవి. ఆ లెక్క చూసి, మేము అడగకనే మా శ్మశానానికి కొత్త ప్రహరీ గోడ మంజూరు చేసినారు. గోడ దిట్టంగా ఉన్నది. కృతజ్ఞులము.

4. నా కూతురిని వెంటబెట్టుకొని తమ కార్యాలయమునకు వచ్చితిని. గుమస్తా గారు కళ్లజోడు సవరించుకొని, "మీ ఊళ్లో పిల్లలే లేరు కదయ్యా, ఇంక బడెందుకు?" అన్నారు. "ఇదిగో సార్, పిల్ల" అని దాన్ని ముందుకు నిలబెట్టాను. "ఈ పాప సిటీ పాప. రికార్డు అలాగే ఉంది" అన్నారు. తిరుగు లాంచీలో అది నా చొక్కా పట్టుకుని, "నేను మనూళ్లో లేనా నాన్నా?" అని అడిగింది. ఆరేళ్ల పిల్ల. ఏం చెప్పమంటారు సార్?

5. బడి మూసినచో నా కూతురు నగరపు బడికై రోజూ ఒంటరిగా నది దాటవలెను. వానాకాలపు వరద తమ కార్యాలయం కిటికీలోంచి చూడముచ్చటగానే ఉండును. లాంచీలో ఉన్నవాళ్లం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంటాం. ఇంకెలా రాయాలో తెలియడం లేదు. నాకు భయంగా ఉంది సార్.

కావున తాము ఒక్క పర్యాయం నది దాటి వచ్చి, లేరనబడుచున్న మా పిల్లలను కళ్లారా చూసి, ఉత్తర్వు రద్దుచేయ చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బడి ఎదుటి దర్జీ

తా.క.: ఈ అర్జీ ఇచ్చినట్టూ ఉంటుంది, నెలలు నిండిన నా భార్యను ఆసుపత్రిలో చేర్చినట్టూ ఉంటుందని అందరం లాంచీ ఎక్కాం. లాంచీ కదిలిందో లేదో నొప్పులు ముంచుకొచ్చాయి. మా అత్తగారు "పోనియ్యి నాయనా, తొందరగా పోనియ్యి!" అని ఒకటే కేకలు. నా భార్య మాత్రం పళ్లు బిగబట్టి, లాంచీ నడిపే అతనితో "అన్నా, వెనక్కి తిప్పు. ఈ బిడ్డ మనూళ్లోనే పుట్టాలి" అంది. తిప్పాడు. రేవులో, టికెట్ల గదిలో, టికెట్లమ్మే అక్క చేతుల మీద ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. మా ఊరి పేరు కింద ఒక పుట్టుక రాసుకోండి సార్. బడికి రావడానికి దీనికి ఇంకో ఐదేళ్లు పడుతుంది. అప్పటిదాకా తాళం వెయ్యకండి.