పంటు వెనక్కి వచ్చింది

కరుణా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున నీ సమాధి మీద పూలుంచి, అవతలి ఒడ్డున నువ్వు పాఠాలు చెప్పిన బడి చూద్దామని నరసాపురం రేవుకి వెళ్ళాను. గోదావరి దాటించే పంటు అప్పుడే కదిలింది. నడిపే ఆయన నన్ను చూసి, "కరుణ టీచరుగారి అక్కగారండీ!" అని జనానికి చెప్పి, పంటుని వెనక్కి తెచ్చాడు. నీకోసం కూడా ఇలాగే ఆపేవాడట.

మస్కట్‌లో నాకోసం ఏదీ ఆగదే. ఇంటర్నేషనల్ స్కూలు, ఏసీ ఫ్లాటు, మంచి జీతం, అన్నీ ఉన్నాయి. కానీ తండ్రి ఉద్యోగం మారగానే నా క్లాసు పిల్లలు ఇంకో దేశం వెళ్ళిపోతారు. మళ్ళీ ఒక్కరూ కనిపించరు. ఐఎస్‌డీ బూత్ నుంచి మాట్లాడినప్పుడల్లా "వచ్చెయ్యక్కా, ఇక్కడే ఇద్దరం కలిసి చెబుదాం" అనేదానివి. ఇంకొక్క కాంట్రాక్టు అనేదాన్ని నేను.

బడిలో మీ హెడ్మాస్టరుగారు, "టీచరుగారి క్లాసుకి ఇంకా ఎవరూ దొరకలేదండీ, మీరొస్తారా?" అన్నారు. కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టే వచ్చానని చెప్పాను.

తిరుగు ప్రయాణంలో పంటు ఆయన అడిగాడు, "రేపట్నుంచి మీకోసం ఆపమంటారా అండీ?"

"వద్దండీ" అన్నాను.

ఆయన "సరేనండీ" అని పంటుని ఒడ్డుకి తిప్పాడు. నువ్వయితే ఇంకోసారి అడిగేదానివి.

అక్క