గేర్‌బాక్స్ కోసం పొలం అమ్మొద్దు

ప్రొద్దుటూరులో కాపురమున్న మురళీమోహన్ రెడ్డి భార్య సుగుణమ్మ, వయస్సు యాభై మూడు, గృహిణి, అను నేను నా చేత్తో రాసుకున్న వీలునామా. నా కిడ్నీలు రెండూ పనిచేయడం మానేశాయి గానీ తెలివి సరిగ్గానే ఉంది. నన్ను ఎవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. బతిమాలతారని తెలిసే ముందుగా రాస్తున్నాను. ఇంతకు మునుపు వీలునామా ఏదీ రాయలేదు. నా తరువాత దీన్ని అమలు జరపవలసినవాడు పులివెందులలో ఉన్న నా తమ్ముడు ధనుంజయ్.

1. నా పేరు మీద ఉన్న ఆస్తి రెండే. జమ్మలమడుగు దగ్గర మా అమ్మ పసుపు కుంకుమ కింద ఇచ్చిన మూడెకరాలు ఒకటి, ఇంటి ఆవరణలో నిలబడిపోయిన పెద్ద విదేశీ కారు ఒకటి. ఆ బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నది నా భర్త. ఆయనకు బ్యాంకు అప్పు ఇవ్వనందున నా పేరున రాయించారు. "నీకోసరమే సుగుణా, కడపకు డయాలసిస్‌కు ఏసీలో పోదువు" అన్నారు. నాలుగు సార్లు పోయాను.

2. బండి ఎట్లా చెడిందో కూడా రాయాలి, ఎందుకంటే నా కొడుకు అవినాష్ తప్పంతా మెకానిక్ మీద వేస్తున్నాడు. నిరుటి వానల్లో జమ్మలమడుగు నుంచి పులివెందులకు పెళ్లికి పోతుంటే వాగు రోడ్డు మీదికి వచ్చింది. మా ముందే ఎదుటి వర్గం వాళ్ల జీపు దాటిపోయింది. నేను వెనక్కు తిప్పమన్నాను. "ఆ పక్క నిలబడి వాళ్లు సూస్తాండారు. ఈడ తిప్పుకొని పోతే రేపు ఏం మొగం పెట్టుకొని తిరగల్ల?" అని నా భర్త బండిని నీళ్లలోకి దింపారు. దాటాము. నెల తిరక్కుండా రివర్సు పడటం మానేసింది. మెకానిక్ జాకీర్ ఆయిలు తీసి నాకు చూపించాడు. "సూడక్కా, పాల టీ మాదిరి అయిపాయ. నీళ్లు దిగినాయి. ఇంజను బంగారం, గేర్‌బాక్సే పాయె."

3. బాగు చేయిస్తే లక్షా ఎనభై వేలు, పూచీ లేదు. బెంగళూరు నుంచి వాడిన గేర్‌బాక్స్ తెప్పించి మారిస్తే నాలుగున్నర లక్షలు, పూచీ మూడు నెలలు. మొత్తం బండిని నాలుగు లక్షలకు అడిగే మనిషి లేడు. ఇది అవినాష్‌కు విడమర్చి చెప్పాను. "లెక్కలు కాదుమా, పరువు. ఒక్క ఎకరా అమ్మితే సాలు" అన్నాడు.

4. కావున ఆ బండిని బాగు చేయించరాదు, గేర్‌బాక్స్ మార్చరాదు. విడి సామాన్ల కింద జాకీర్‌కు అమ్మి, వచ్చినదానితో మందుల షాపు బాకీ తీర్చాలి. తాళాలు రెండున్నాయి. ఒకటి జాకీర్‌కు. రెండోది నా భర్తకు. సాయంత్రం పూట ఆయన అద్దాలు ఎక్కించి, ఏసీ వేసుకుని, కదలని ఆ బండిలో ఒక్కరే కూర్చుంటారు. మా కాపురంలో ఆయనను అంత నెమ్మదిగా నేనెప్పుడూ చూడలేదు. బండి పోయినా తాళం ఆయన జేబులో ఉండనివ్వండి.

5. మూడెకరాలు నా కోడలు సుమకు సర్వహక్కులతో చెందాలి. ఇప్పుడు నన్ను బస్సులో కడపకు తీసుకుపోతున్నది ఆమే. సూదులు గుచ్చిన నా చేతికి ఎవరూ తగలకుండా నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి తాను ఇవతల కూర్చుంటుంది. సుమా, ఆ పొలం అమ్మొద్దు తల్లీ. పొద్దునా సాయంత్రం ఇద్దరు మగవాళ్లు అడుగుతుంటే ఎన్నాళ్లు కాదనగలవో నాకు తెలుసు. నేనూ ఏడాది పాటు వద్దు వద్దని, చివరకు బండి కాగితాల మీద సంతకం పెట్టాను. అయినా రాస్తున్నాను.

6. సాక్షి సంతకం చేసేవాళ్లకు ఏమీ రాయకూడదని వకీలు చెప్పాడు. అందుకే పక్కింటి జైబున్నీసాకు నా ఇత్తడి ఇడ్లీ పాత్ర నిన్ననే ఇచ్చేశాను. "ఇప్పుడే ఎందుకక్కా, నువ్వు ఇంకా శానా రోజులు వండుతావు" అని ఏడ్చి తీసుకుంది. దాన్ని ఎవరూ తిరిగి అడగరాదు.

7. మా అత్త పోయినప్పుడు నా భర్త పాడె ముందు జీపు నడిపించారు. నాకు ఈ బండిని పెట్టాలని చూస్తారు. అది గోడకు ముఖం పెట్టి నిలబడి ఉంది. వీధిలోకి రావాలంటే వెనక్కు నలుగురు తోయాలి. ఆ పూట నాకూ నలుగురు కావాలి. బండిని అక్కడే ఉండనివ్వండి.

ప్రొద్దుటూరు, 2025 సెప్టెంబరు 18.

(సంతకం) సుగుణమ్మ

సాక్షులు:
1. జైబున్నీసా, పక్కింటి ఆమె
2. ఆదినారాయణ, రిటైరైన పోస్టుమాస్టరు