సోమలింగం చిల్లు నాణెం

4-2-96, ఆదివారం

ఈ డైరీ బ్యాంకు రామలింగేశ్వరరావు ఇచ్చాడు. ఇంటి లెక్కలు రాసుకోమన్నాడు. నాకు లెక్కలెక్కడివి? మనుషుల మీద రాస్తాను.

ఇవాళ సూరత్‌లో మా రూము ముందు నాణేల బైఠక్. ఎవరికి ముద్దొచ్చిన నాణెం వాళ్ళు తెచ్చి దాని కథ చెప్పాలి. రావు మధ్యకు వంచిన వెండి తీగ తెచ్చాడు. లారిన్ అంటారట. పూర్వం సముద్రపు వ్యాపారులకు అదే డబ్బట. జర మీ ఆవిడ జడ చూడు సారూ, పిన్ను తక్కువైందేమో అన్నాను. రావు మొహం మాడిపోయింది.

సాంబయ్య అన్న మా మరమగ్గాల కార్ఖానాలో మగ్గాలు బాగుచేసే మిస్త్రీ. ఆయన బర్మా నెమలి రూపాయి తెచ్చాడు. నది అవతల రాందేర్‌లో ఒక ముసలాయన కుట్టుమిషను బాగుచేస్తే ఇచ్చాడట. నెమలి కాదే అన్నా, బక్క కోడి, కోసుకుని తిను అన్నాను. నీ నోట్ల మన్నువడ అని ఆయనే ముందు నవ్వాడు.

అసలు మజా మా కార్ఖానాలో మగ్గం నడిపే సోమలింగానిది. ఆఫ్రికా పది సెంట్లు. మధ్యలో గుండ్రటి చిల్లు, దానికి చెరో పక్క ఏనుగు దంతాలు. మా కార్ఖానా యజమాని శేఠ్ మేనమామ కంపాలా నుంచి వచ్చినప్పుడు ఇచ్చాడట. సోమలింగం దాన్ని రుమాల్లో చుట్టుకుని తిరుగుతాడు. పెళ్ళాన్ని కూడా అంత ముద్దుగా చూడడు. అందరూ దాన్నే చేతులు మార్చి మార్చి చూశారు.

నేను తెచ్చింది సోడా మూత. ఎవరూ నవ్వలేదు.

చాయ్ వచ్చిన హడావిడిలో ఆ చిల్లు నాణెం నా చేతిలోనే ఉండిపోయింది. ఉండిపోవడమేంటి, ఉంచుకున్నాను.

5-2-96

సోమలింగం రూమంతా తిరగేశాడు. కాకా, నా బొక్క పైస గిట్ల నీ కండ్లవడ్డదా అని పొద్దున్నే వచ్చాడు. అన్నంలో వెతుకు, నీ పెళ్ళాం వండి పెట్టిందేమో అన్నాను. ఏడుపొక్కటే తక్కువ వాడికి.

6-2-96, మంగళవారం

పదకొండింటికి కరెంటు పోయింది. అందరూ బీడీలకు బయటికి పోయారు. నేను దారం కండెలు చుట్టుకునే ముసలోణ్ణి, ఎక్కడ కూర్చున్నా అడిగేవాడు లేడు.

సోమలింగం మగ్గానికి షటిల్ పెట్టె కింద ఒక బోల్టు ఉంది. నట్టు విప్పి, వాషరు తీసేసి, నాణెం పెట్టి మళ్ళీ బిగించాను. దానికోసమే చేసినట్టు కూర్చుంది. కరెంటు వచ్చింది. సోమలింగం తల వేలాడేసుకుని మగ్గం నడుపుతున్నాడు. ఏనుగు దంతాలు వాడి మోకాలి దగ్గరే గడగడలాడుతున్నాయి. నవ్వు ఆపుకోలేక నా కండె దారం తెగింది.

ఎప్పుడో ఒకరోజు దొరుకుతుంది. ఆరోజు మా బమ్రోలి పేట అంతా నవ్వాలి.

8-2-96

నీ ఏనుగు నీ దగ్గరే మేస్తోంది పోరా అన్నాను సోమలింగంతో. వాడికి అర్థం కాలేదు. ఇంకో వారం నవ్వుకోవచ్చు.

11-2-96, ఆదివారం

బైఠక్ చెడింది. సోమలింగం అందరి జేబులూ చూస్తానన్నాడు. నా జేబులో బీడీ పొట్టు దొరికింది. రావు మొహం ముడుచుకునే చూపించాడు. సాంబయ్య అన్న మాత్రం లేచి నిలబడ్డాడు. ఏంది, నా చెడ్డీ గూడ ఇప్పమంటవారా, నీ అయ్య ఈడోణ్ణి అన్నాడు. చూపించకుండానే వెళ్ళిపోయాడు.

అప్పుడు అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను చెప్పాల్సింది. కానీ మగ్గంలో దొరికితే వచ్చే మజా ఇప్పుడు చెప్తే రాదు కదా.

14-2-96, బుధవారం

దొరికింది.

మగ్గం ఒకటే చప్పుడు చేస్తోందని సాంబయ్య అన్నను పిలిచారు. ఆయన కింద దూరి నట్టు విప్పాడు. ఒక్క కేక పెట్టాడు. ఓ సోమలింగం, దొరికిందిరో, ఉరికి రా, నీ ఏనుగు దొరికిందిరో అని. చేతులకు నూనె, మొహం నిండా నవ్వు. నేను కూడా నవ్వడానికి లేచాను.

సోమలింగం వచ్చి నాణెం చూశాడు. నట్టు కింద నలిగి ఒక దంతం పూర్తిగా అరిగిపోయింది. తర్వాత సాంబయ్య అన్నను చూశాడు. ఈ కార్ఖానాలో నట్లు విప్పేది ఆయనొక్కడే.

నువ్వు వెట్టినవు కాబట్టే నీకు దొరికింది అన్నాడు. చెంప మీద కొట్టాడు. ఆయన కళ్ళద్దాలు నూనెలో పడ్డాయి.

నవ్వడానికి లేచినవాణ్ణి అలాగే నిలబడ్డాను.

సాయంత్రం

శేఠ్ హిందీలో అన్నాడు, దోస్తు సామాను దాచినవాడు నా మగ్గాల సామాను ఉంచుతాడా అని. హిసాబ్ చూసుకుని, రావాల్సిన కూలి తీసుకుని పొమ్మన్నాడు. సాంబయ్య అన్న ఉండే రూము కూడా శేఠ్‌దే. దొంగ అన్న పేరు పడ్డ మిస్త్రీని సూరత్‌లో ఏ కార్ఖానా గేటు లోపలికి రానివ్వదు.

సాంబయ్య అన్న నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. రాజమౌళీ, నువ్వన్న నన్ను నమ్ముతవా అని అడిగాడు.

నమ్ముతాను అన్నాను.

15-2-96

ఎందుకు తింటలేవని నా పెళ్ళాం కొమురవ్వ అడిగింది. నలభై ఏళ్ళ నుంచి నీ వంట ఇలాగే ఉంది, ఇవాళే తెలిసింది అన్నాను. గరిటె విసిరింది.

18-2-96, ఆదివారం

చెప్పాను. బైఠక్‌లో, అందరి ముందు. నేనే పెట్టాను అన్నాను. కరెంటు పోయిన సంగతి, పానా ఎక్కడ తీశానో, పాత వాషరు ఎక్కడ పారేశానో అన్నీ చెప్పాను.

సోమలింగం పడీ పడీ నవ్వాడు. కాకా, నట్టు ఎటు తిరుగుతదో నీకు ఎరికేనా అన్నాడు. షురూ చేసిండు మల్ల అని వెనక ఎవరో అన్నారు. ఒట్టు అన్నాను. ఇంకా నవ్వారు.

రావు నవ్వలేదు. కళ్ళు తుడుచుకున్నాడు. మీది పెద్ద మనసు రాజమౌళి గారూ, స్నేహితుడి కోసం నింద మీ నెత్తిన వేసుకుంటున్నారు అన్నాడు. సోమలింగం తన కుర్చీ తెచ్చి నన్ను కూర్చోమన్నాడు. నన్ను ఎవరూ ఎప్పుడూ అలా చూడలేదు.

ఇంకోసారి చెప్పొచ్చు. వాషరు వెతికి తెచ్చి చూపించొచ్చు. శేఠ్ ఇల్లు ఇక్కడికి రెండు గల్లీలే.

కుర్చీలో కూర్చున్నాను.

20-2-96

సాంబయ్య అన్న సామాను టెంపోలో ఎక్కించాను. ఆయన కోసం నేను నింద నెత్తిన వేసుకున్నానని రావు ఆయనకు చెప్పాడట. గల్లీ మధ్యలో వంగి నా కాళ్ళకు మొక్కాడు.

నాకంటే నాలుగేళ్ళు పెద్ద.

దీవించాను.