ఖాళీ ఫైలు, నేను రాయని మాఫీ

కరీంనగర్, 1997 జూన్, గురువారం

రేపు సార్ ముందు ఒక్క మాట కూడా మరిచిపోకూడదని ఇది ఇప్పుడే రాసుకుంటున్నాను.

నేను పనిచేసే కంప్యూటర్ సెంటర్‌లో పరీక్ష రాసేవాళ్ల పేర్ల ఫైలు ఈ రోజు ఖాళీ అయింది. పేర్లను వరుసలో పెట్టే చిన్న ప్రోగ్రాము, అంటే స్క్రిప్టు, సెంటర్ నడిపే సార్ రాసిందే. ఫ్లాపీలో జాగా లేదని, చదివిన ఫైలు మీదే తిరిగి రాయించడం ఆయన అలవాటు. ఈ రోజు ఫ్లాపీ మొరాయించడంతో స్క్రిప్టు ఒక్క పేరూ చదవలేకపోయింది. అది అక్కడే ఆగాలి. ఆగకుండా, ఏమీ లేనిదాన్నే తెచ్చి పేర్ల మీద రాసేసింది.

"నడిపింది నువ్వే గదా! తప్పు నాదేనని మాఫీ రాసియ్యి, లేకుంటే సోమవారం నుంచి రాకు," అన్నాడు సార్.

"చదివిందో లేదో చూసుకోవాలె సార్. కొత్త ఫైల్ల రాసి, అంతా సక్కగుంటేనే పాతది తీసెయ్యాలె."

అలా రాసిన నా స్క్రిప్టు చూపించాను. ఏ వరుస ఏం చేస్తుందో పక్కనే మామూలు మాటల్లో రాసిపెట్టుకుంటాను. సార్ నవ్వాడు.

"గిది ప్రోగ్రామా, పిట్టకథనా?"

ఇంట్లో నన్ను కన్న అవ్వ ఒకటే పరేషాన్. "రాసిస్తే ఏం పోతది బిడ్డా? నౌకరి ఉంటది."

చదువు రాని మా బాపు వేలిముద్ర వేసిన కాగితాల్లో ఏముందో ఆయనకు ఎవరూ చదివి చెప్పలేదు. నేను చదువుకున్నాను. చేయని తప్పు కింద సంతకం పెట్టను. నౌకరి పోతే... పోనీ.

రేపు సార్ బల్ల మీద పెట్టే కాగితంలో ఇంతే ఉంటుంది:

"సార్, మీ స్క్రిప్టులో తప్పున్న వరుస కింద గీత గీశాను. నా తప్పేదో మీరూ అట్లనే గీసి చూపించండి, మాఫీ రాస్తాను. శనివారం సాయంత్రంలోగా జవాబు ఇవ్వండి."