నాలుగో గవ్వ

తార్నాక, జనవరి 2010

ఉప్పలమ్మ ఆంటీకి నమస్తే,
నాన్న ఫోన్ తీసేసుకున్నారు. మాది కర్నూలు కదా, ప్రత్యేక రాష్ట్రం గొడవలు తగ్గేదాకా క్యాంపస్ వైపు వెళ్ళొద్దన్నారు. అందుకే పాల లచ్చయ్యకి ఈ లెటర్ ఇచ్చా, ఎవరికీ చెప్పకండి. స్కూల్ ప్రాజెక్ట్ ఉంది. అష్టాచెమ్మాకి ఆ పేరెలా వచ్చింది?
మీ కావ్య
తా.క. టియర్ గ్యాస్ రోజు మీ క్యాంపస్ క్వార్టర్స్‌లో ఆట మధ్యలో పారిపోయాం కదా. గవ్వలన్నీ ఉన్నాయా? ఊరికే అడిగా.

బిడ్డా కావ్యా, సల్లగుండు.
నాలుగు గవ్వలు బోర్ల పడితే అష్ట, ఎనిమిది. నాలుగు ఎల్లెలుకల పడితే చెమ్మ, నాలుగు. గా రెండు పందేలే ఆట పేరు. చెమ్మ అని ఎందుకన్నరో మా అవ్వకే తెల్వది. ఇప్పుడు నా దగ్గర మూడే ఉన్నయ్. మూడిట్ల అష్టా పడదు, చెమ్మా పడదు. ఆటకు పేరే లేకపాయె. మీ పక్కింటి చిట్టెమ్మ మీదనే అనుమానం. ఆట ఇడిసి ఉరికేటప్పుడు చెయ్యి కొంగుల దాసింది.
ఉప్పలమ్మ
తా.క. మా ఆయన "నీళ్ళు పాయె, కొలువులు పాయె, ఇగ గవ్వ గూడ పాయె" అంటుండు.

ఆంటీ,
చిట్టెమ్మగారి కొంగులో ఉల్లిపాయ ఉంది, గ్యాస్‌కి కళ్ళు మండకుండా. ప్లీజ్, ఆవిడనేమీ అనకండి.
కావ్య
తా.క. కాకులు గవ్వలు ఎత్తుకెళ్తాయని ఎక్కడో చదివా.

బిడ్డా,
అనేసిన. తార్నాక మార్కెట్ల అందరి ముందట "మా గవ్వ మాకియ్యి" అన్న. జెండాలు పట్టుకున్న పోరగాళ్ళు నినాదమనుకొని ఎనకనుంచి అందుకున్నరు, ఇరవై మంది. చిట్టెమ్మ కూరగాయల సంచి ఆడనే ఇడిసి పోయింది. పదేండ్ల దోస్తు.
ఉప్పలమ్మ
తా.క. ఆమె వంకాయలు నా కాడనే ఉన్నయ్. వండ బుద్ధయితలేదు.

ఆంటీ,
గవ్వ నా దగ్గరుంది. గ్యాస్‌కి పరిగెత్తితే గుప్పిట్లోనే ఉండిపోయింది. వెనక్కి రావడానికి భయం, తర్వాత చెప్పడానికి భయం. ప్రాజెక్ట్ కూడా అబద్ధం. మా స్కూల్లో ఇవన్నీ ఎవరడుగుతారు? మీరు గవ్వ గురించి ఏమనుకుంటున్నారో తెలుసుకుందామని పేరడిగా. ఇవాళ చిట్టెమ్మగారికి చెప్పేద్దామని వెళ్తే తాళం. ఇల్లు ఖాళీ చేసి ఏలూరు వెళ్ళిపోయారట. గవ్వ లచ్చయ్యతో పంపిస్తున్నా. సారీ.
కావ్య
తా.క. నాన్నకి చెప్పకండి.

బిడ్డా,
గవ్వ ముట్టింది. నిన్ను తిడదామని కూసున్న, చెయ్యాడలే. లచ్చయ్య ఇంకో పొట్లం గూడ ఇచ్చిండు. చిట్టెమ్మ పోయేముందు ఇచ్చిందట, పాల డబ్బాల పెట్టి మర్చిండట. ఇప్పితే కొత్త గవ్వ, ఒక చీటీ. "నేను తియ్యలేదు వదినా. ఆట మాత్రం ఆపొద్దు" అని రాసింది.
ఇప్పుడు ఐదున్నయ్.
ఉప్పలమ్మ
తా.క. పొద్దున నా మూడిట్ల ఆమె గవ్వ కలిపి ఒక్కదాన్నే ఏసిన. నాలుగూ బోర్ల పడ్డయ్. అష్ట అన్న. కాయ జరుపుమనేటోళ్ళు లేరు.