ఒక్క గాలం

వార్డో,
ఫిబ్రవరి 9

తమ్ముడు ఐవిన్‌కి,

అన్నయ్య తోర్లైఫ్ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని రాయాలి కదా, రాశాను. అబద్ధం. మీ వదిన గున్వోర్‌కి బాగాలేదు, నాకు ఒళ్ళు మండిపోతోంది.

పడవకి రంగేశావా అని అడిగావు. వేశాను. నీ పేరు పెడదామనుకుని, మునిగిపోతుందని మానేశాను.

నాతోపాటు పీతల ఫ్యాక్టరీలో చేరాకే కదరా గున్వోర్‌కి దగ్గూ పిల్లికూతలూ మొదలయ్యాయి. సెలవుల్లో ఉండవు. ఊపిరితిత్తుల డాక్టరువి కదా, మేనేజరుకి ఓ ముక్క రాయమంటే ఏం రాశావు? "'రాజపీత ఫ్యాక్టరీ ఆస్తమా' అని వెతికాను. ఎవరూ ఏమీ రాయలేదు. సిగరెట్ల వల్లే." ఆవిడ సిగరెట్ మానేసి పదకొండేళ్ళు.

మేనేజరు ఆ కాగితం ఊపి, "మీ మరిదిగారే తేల్చేశారమ్మా, ఉడికించే గది నుంచి మార్చడం కుదరదు" అన్నాడు.

ఓడెక్కి ట్రోమ్సో వెళ్ళాను. ఆసుపత్రి లైబ్రరీలో హెర్దిస్ అనే ఆవిడ, "మీరు డాక్టరా?" అంది.

"డాక్టరుకి అన్నని. బడి ముందే మానేశాను, అందుకే బుర్ర పాడవలేదు."

నీ ఉత్తరం చూసి, "ఈ మూడు మాటలూ ఇదే వరసలో ఎవరు రాస్తారండీ?" అంది. కంప్యూటర్లో మాటల్ని రెండు బుట్టలుగా సర్దింది. ఒకదాంట్లో పీత, రొయ్య, పెంకు జీవులు, ఏదున్నా సరే. రెండోదాంట్లో ఆస్తమా, పిల్లికూతలు, ఆయాసం, ఏదున్నా సరే. రెండింట్లోంచీ ఒక్కో మాటైనా ఉన్న వ్యాసాలు చూపించమంది. కుప్పలొచ్చాయి. 'పనిచేసే చోటు' అని మూడో బుట్ట కలిపితే చదవగలిగినన్ని మిగిలాయి. బాగా కుదిరిన వ్యాసానికి తగిలించిన విషయాల పేర్లు పట్టుకుని మళ్ళీ వెతికింది. ఆ జబ్బుకి 'పీతల ఆస్తమా' అని పేరే పెట్టారురా.

ఒక్క గాలం వేసి సముద్రంలో చేపల్లేవన్నావు. నాన్న ఉంటే దవడ పగిలేది.

ఇంకోటి రాయడానికి చెయ్యి రావట్లేదు. క్యాంటీన్‌లో రోజూ గున్వోర్ దగ్గుని అనుకరించి నవ్వించేవాణ్ణి. తనూ నవ్వేది. ఓ రోజు ఆ నవ్వు దగ్గైంది, ఆగలేదు, పెదాలు నీలమయ్యాయి. తనూ వేషం వేస్తోందని అందరూ ఇంకా నవ్వారు. నేనూ అలాగే అనుకున్నాను.

పద్నాలుగు వ్యాసాలు జత చేశాను. నెలాఖరుకి మీ వదిన జబ్బు సెలవైపోతుంది, మళ్ళీ ఆ గదిలోకే వెళ్ళాలి. ఈలోగా మేనేజరుకి కొత్త ఉత్తరం రాయి. 'నేను సరిగ్గా వెతకలేదు' అని మొదలెట్టు. 'నేను సరిగ్గా చూడలేదు' అని మీ వదినకి నేను చెప్పాను. చెప్తే ఎవరూ చచ్చిపోరు.

ఇట్లు,
కోపం ఇంకా తగ్గని మీ అన్నయ్య,
తోర్లైఫ్