దర్జీ బావ ఎర్ర సిరా

గౌరవనీయులైన బావగారికి నమస్కారాలు.

మా అమ్మాయి మీ ఇంటి కోడలయ్యాక వియ్యంకులం మనిద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ దొరక్కే గదా, పాత పుస్తకాల కొట్టులో మట్టిపలకల భాష నేర్పే పుస్తకం కొన్నాం! ఒక్కటే ఉంటే మధ్యకు కోసి చెరి సగం తీసుకున్నాం. మంచి పనే చేశాం. నిన్న కాజాలు కుడుతూ పుస్తకంలో ఒక పలక బొమ్మ చూస్తున్నాను. పచ్చిమట్టి మీద రాసినవాడి బొటనవేలి ముద్ర కనిపించింది. వేల ఏళ్ళ కిందటి వేలు! సూది పక్కన పెట్టి, దానిమీద నా వేలు ఆనించి కూర్చున్నాను. బేరానికొచ్చిన మనిషి చూసి, ఏమీ అడక్కుండానే వెళ్ళిపోయాడు.

ఇన్నాళ్ళూ కూడదీసుకున్నది కింద రాశాను. మాట మాటా తూచి రాశాను. జవాబు మీ వంతు.

సోదరా, నా కూతురిని నీ కొడుక్కిచ్చాను. నేను మంచాన పడితే నువ్వు పలకరించలేదు. నా మనిషి వస్తే గుమ్మం బయట నిలబెట్టావు. మన తండ్రులు ఒకరినొకరు ఇలాగే చూసుకున్నారా? నువ్వు పలక్కపోతే మన రెండిళ్ళ మధ్య దారిలో గడ్డి మొలుస్తుంది.

ఇట్లు,
మీ దర్జీ బావ

తా.క. కాలి వాపు తగ్గింది. మిషను తొక్కుతున్నాను.

*

బావగారికి,

మీ ఉత్తరం నిచ్చెన మీద నిలబడి విప్పాను. దిగి కూర్చుని పూర్తి చేశాను. మీ కాలు వాచిందని కోడలు చెప్పింది. బ్యాంకు బోర్డు మీద అక్షరాలు సగంలో ఉన్నాయని రాలేదు. తప్పు నాదే. మీ తమ్ముణ్ణి బయట నిలబెట్టిన మాటా నిజమే. గడప రంగు ఆరలేదు. నవ్వుతూనే వెళ్ళాడనుకున్నాను. మీ మనసులో ఇంత ఉందని తెలియలేదు. పెద్దమనసు చేసుకుని క్షమించండి. కోపం నా మీద ఉంచుకోండి గానీ రాకపోకలు మానకండి.

ఇట్లు,
మీ బోర్డుల బావ

తా.క. మా ఆవిడ మీ ఉత్తరం చదివి, "మనిషి నోరు విప్పడు గానీ, కాగితం మీద కత్తెర పెట్టేశాడు" అంది.

*

బావగారూ,

ఎంత బాగా రాశారు! మీకిది మొదటి ప్రయత్నమంటే ఎవరు నమ్ముతారు? కళ్ళు చెమర్చాయి. అయితే "బ్యాంకు" నప్పలేదు. "ధాన్యపు కొట్టు" అనండి. క్షమాపణ మరీ మెత్తబడింది. రాజన్నవాడు ఇంతలా ప్రాధేయపడడు. ఆ చివరి వాక్యం పూర్తిగా కొట్టేశాను. ఎర్ర సిరాతో దిద్ది మీ కాగితం మీకే పంపుతున్నాను. ఈసారి కాస్త కోపం చూపించండి.

ఇట్లు,
దర్జీ బావ

తా.క. నిచ్చెన మాత్రం ఉండనివ్వండి. కోటగోడ ఎక్కే నిచ్చెన అయ్యుంటుంది.

*

అయ్యా,

కోపం చూపించమన్నారు. చూడండి. మనసు విప్పి క్షమాపణ అడిగితే బడిపిల్లాడి లెక్కలా దిద్దుతారా? నేను రాజునూ కాను, కోటగోడలూ ఎక్కలేదు. బోర్డులు రాసుకుని బతికేవాణ్ణి. మీ అమ్మాయి మా ఇంట్లో కూతురే. ఆ పిల్లకు ఏ లోటూ రానివ్వను. మనిద్దరికీ మాత్రం ఇక మాటల్లేవు, చదువూ లేదు. పుస్తకంలో నా సగం పార్సెల్లో పంపుతున్నాను. అందులో ఉత్తరాల భాగం నేనింకా తెరవనే లేదు. ఇక తెరవను.

ఇట్లు,
మీ అమ్మాయి మామగారు

తా.క. కోడలు ఏడుస్తోంది. మా ఆవిడ కోడలి పక్షం. అబ్బాయి వాళ్ళమ్మ పక్షం. నా పక్షాన నిచ్చెన ఒక్కటే ఉంది.

*

బావగారూ,

నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. మీ కోపం చదివి, "అబ్బ, ఏం రాజు!" అని చప్పట్లు కొట్టాను. తరువాత పార్సెల్ విప్పి మీ సగంలో ఆ కోపం మాటల కోసం వెతికాను. ఒక్కటీ లేదు. అది మీ సొంత కోపమని అప్పుడు తెలిసింది.

నేను పంపింది నా గోడు కాదు బావగారూ. ఒక రాజు తన వియ్యంకుడైన ఇంకో రాజుకు రాసిన పలక. ఫిర్యాదులన్నీ నా సగంలో, జవాబులన్నీ మీ సగంలో పడ్డాయి. మీ దగ్గరా పాఠం అక్కడికే వచ్చి ఉంటుందనుకుని, ఇది అనువాదమని పైన ఒక్క ముక్కయినా రాయలేదు. మీరు నిజంగా మనసు విప్పితే నేను మార్కులేశాను.

కొట్టు మూసేసి ఆ రెండో రాజు జవాబు చదివాను. ఒక్కో గుర్తూ వెతుక్కుంటూ చదివాను. ఇదిగో:

సోదరా, నువ్వు మంచాన పడ్డావని విన్నాను. పనుల్లో మునిగి రాలేదు. నీ మనిషి బయట నిలబడ్డ మాట నిజం. కోపం నా మీద ఉంచుకో. దారి మాత్రం మూయకు.

రాజు ఇలా ప్రాధేయపడడని నేను ఎర్ర సిరాతో కొట్టేసిన వాక్యమే! వేల ఏళ్ళు మట్టిలో పడి ఉన్న మాటను మీరు పుస్తకం తెరవకుండానే రాసేశారు. నేను నేర్చుకున్నది గుర్తులే. భాష వచ్చింది మీకు.

ఆదివారం వస్తున్నాను. మీరు మాట్లాడకపోయినా సరే, ఎదురుగా కూర్చుంటాను.

ఇట్లు,
మీ దర్జీ బావ

తా.క. పలక అంచున, చోటు చాలక కాబోలు, ఇరికించి రాసిన వాక్యం ఇంకొకటుంది. ఆ కాలంలోనూ తా.క. ఉండేదన్నమాట! "ఇది పంపేదాకా రాణి నాకు అన్నం పెట్టనంది" అని ఉంది. మా ఇంటి సంగతి కలిపి రాశాననుకునేరు. ఒట్టు, పలకలోనే ఉంది.